బోర్డులకు నీళ్లు పోసే కసొండే తాత

కసొండే తాత బోర్డులకు నీళ్లు పోస్తాడు. చెట్లకు కాదు, బోర్డులకే. రాగి గనుల ఊరు కిత్వే చుట్టుపక్కల ఈ సంగతి తెలియని మనిషి లేడు.

ఆ బోర్డులు నిలబడ్డ నేల ఒకప్పుడు తాత మొక్కజొన్న చేను. పొత్తులు పాలు పోసుకునే వేళకు రాగి గని కంపెనీ బుల్డోజర్ తోలి, "ఇది హరిత వనం" అంది. పర్యావరణం మీద అంత ప్రేమ, ఆగలేకపోయింది పాపం! కంపెనీ జాలిపడి, తాత చేలోనే తాతకు నీళ్లు పోసే ఉద్యోగమిచ్చింది.

సూట్లలో పెద్దలొచ్చారు. తలా ఒక మొక్క నాటి, తలా ఒక పేరు బోర్డు పాతి, ఫోటోలు దిగి వెళ్లారు. గని దుమ్ముకు మొక్కలన్నీ ఆ ఏడే మాడిపోయాయి. కంపెనీ ఏటా అచ్చువేసే పచ్చ అట్ట పుస్తకంలో మాత్రం వనం ఏటికేడూ చిక్కబడుతూనే ఉంది. బోర్డు నిలబడి ఉంటే చెట్టు బతికున్నట్టే వాళ్ల లెక్క.

తాత లెక్కా అదే. పొద్దున్నే డబ్బా పట్టుకుని బయల్దేరతాడు.

"డైరెక్టర్ గారూ, కదలకండి, తల తడుపుతున్నా. మంత్రి గారూ, మీకు తుప్పు పట్టింది, ఇవాళ కొంచెమే పోస్తా."

"పిచ్చి పట్టిందా తాతా?" అన్నాను ఒకసారి.

"నీళ్లు పొయ్యమన్నారు, పోస్తున్నా. మొక్కలు ఉద్యోగం మానేశాయి. నేను మానలా!"

పుస్తకానికి ఫోటోలు తీసే నముకొలో అనే అమ్మాయి ఆగస్టులో రాజధాని లుసాకా నుంచి వచ్చింది.

"తాతా, మొక్కేదీ?"

"అదిగో తల్లీ, పేరు కనబళ్లా?"

"పేరుంది. మొక్క లేదు."

"మీ పుస్తకంలోనూ అంతేగా!"

ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ తాత చేతిలో ఒక జామకొమ్మ పెట్టి, బాగా దగ్గర్నుంచి ఫోటో తీసుకుంది. ఆ ఏడాది అట్టబొమ్మ అదే. "అది నా చెట్టు కొమ్మ! నా పేరేదీ?" అని మా పక్కింటి బ్వాల్యా వారం రోజులు అరిచింది.

నాకు ఒళ్లు మండింది. చెట్లన్నీ చచ్చాయి, పుస్తకమంతా బూటకం అని బస్తీ సంఘం తరఫున పేజీలకొద్దీ ఫిర్యాదు రాసి, సంతకం పెట్టమని తాత ముందుంచాను.

"రేపు ట్యాంకర్ వస్తుంది. అది చూశాక పెడతాలే," అన్నాడు.

మర్నాడు వెళ్లాను. వనానికి నీళ్లు తెచ్చే కంపెనీ ట్యాంకర్ ఆగింది. డ్రైవర్ టోపీ మొహం మీదికి లాక్కుని ఠంచనుగా నిద్రపోయాడు. తాత డైరెక్టర్ గారి బోర్డు మీద ఒక్క చెంబెడు పోశాడు. ఆ వెంటనే గట్టు వెనకనుంచి బస్తీ ఆడవాళ్లంతా పసుప్పచ్చ డబ్బాలతో దిగారు. ముందు వరసలో బ్వాల్యా!

"మన వాగులో గని విషం కలిసింది కదా," అన్నాడు తాత. "నీళ్లిప్పించమని అడిగితే కంపెనీ ఏమందో గుర్తుందా?"

గుర్తుంది. పుస్తకం తెరిచి చూపించారు: వాగు శుభ్రమైంది, చేపలు తిరిగొచ్చాయి, కాబట్టి మనుషులకు ట్యాంకర్ అక్కర్లేదు.

"అదే పుస్తకంలో చెట్లు బతికున్నాయి. చెట్లకి ట్యాంకర్ కావాలి. ఒక అబద్ధం మన నీళ్లు ఆపింది, ఇంకోటి తెస్తోంది. నువ్వు సరిగ్గా ఆ రెండోదాన్నే చంపుతానంటావు! ఏదీ, ఆ కాగితం ఇటివ్వు, సంతకం పెడతా."

నేను కాగితం జేబులో కుక్కుకుని బ్వాల్యా డబ్బా అందుకున్నాను.

అందుకే కంపెనీ పేరు చెప్పడం లేదు. మీరు మాత్రం ఒక పని చెయ్యండి. ఏ గని కంపెనీ పచ్చ పుస్తకం మీ చేతికొచ్చినా, వాళ్లకో ఉత్తరం రాయండి: "మీ చెట్లు బొమ్మలో బాగా దాహంగా కనబడుతున్నాయి. దయచేసి ఇంకో ట్యాంకర్ పంపండి." అంతకుమించి ఒక్క ముక్క రాయకండి. మిగతాది కసొండే తాత చూసుకుంటాడు.