మూత తీయని సీసా

మా ముత్తాత ఒక సంస్థానంలో ఆస్థాన వైద్యులు. మా తాత పాకాల చుట్టుపక్కల ఏ ఇంట జ్వరమొచ్చినా గుర్రబ్బండిలో వెళ్ళి చూసేవారు. మందుకు వెల పుచ్చుకోవడం మా వంశంలో లేదు. ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే ముందు వాళ్ళకే విరేచనాల మందు ఇచ్చేవారని చెప్పుకుంటారు. నేనూ ఆ ఇంటివాణ్ణే. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం చెబుతాను.

డెబ్బైల చివర్లో ఫార్మసీ డిప్లొమా ప్యాసై, జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో మూడు నెలల శిక్షణకు చేరాను. అక్కడి పెద్ద కాంపౌండరు సంతకం చేస్తేనే రిజిస్ట్రేషన్. అది లేకపోతే చదివిందంతా గంగపాలు.

అప్పట్లో మిక్స్చరుకు రోగులే సీసా తెచ్చుకునేవారు. మోతాదు తెలిసేలా గాట్లు కత్తిరించిన కాగితం పట్టీని దానికి అంటించడం నా మొదటి పాఠం. రెండో పాఠం, వార్డులో పోయినవాళ్ళ సీసాలు ఏరుకొచ్చి కడగడం. సీసా లేకుండా వచ్చినవాళ్ళకు కాంపౌండరు వాటిని అమ్ముకునేవాడు. మూతుల చుట్టూ ఎండిన కఫం, అడుగున చచ్చిన ఈగలు, పులిసిన కంపు. ఆ చేతులతో అన్నం కలుపుకోలేక మధ్యాహ్నాలు మజ్జిగతో సరిపెట్టుకునేవాణ్ణి.

స్త్రీల వార్డులో మునెమ్మ ఉండేది. తిరుచానూరులో పూలమ్మే ముసలామె. ఆమెకు దగ్గు మందు రోజూ పదికి, రెండుకి, ఆరుకి. పోయే ముందురోజు నన్ను పిలిచింది.

"నా సీసా ఇంకొకరికి ఇయ్యబాకు నాయనా. నా ఎంగిలి వాళ్ళకెందుకు?"

తెల్లవారేసరికి పోయింది. సీసా నా చేతికే వచ్చింది. సోడా వేసి వేడినీళ్ళతో కడిగి, కొత్త పట్టీ అంటించి, కాంపౌండరు చెప్పినట్టే ఆరు మోతాదులు నింపి అలమరలో పెట్టాను. పది దాటాక చూస్తే అయిదే ఉన్నాయి.

నా పొరపాటనుకున్నాను. మళ్ళీ ఆరు మోతాదులకు నింపి, బిరడా మీద లక్క కరిగించి పోశాను. రెండు దాటాక సరిగ్గా ఒక గాటు దిగింది. ఆరుకి ఇంకొకటి. రాత్రంతా తగ్గలేదు. పొద్దున పదికి మూడోది. లక్క చిట్లలేదు, సీసాకు బీట లేదు, కింద తడి లేదు.

కాంపౌండరుకు చూపించాను. వెలుతురుకెత్తి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"ఈడ ఇట్లాంటివి శానా తగ్గతాయి. తగ్గితే నీళ్ళు పొయ్యప్పా. నేనెప్పుడూ అంతే."

కిటికీ బయట ఒక తల్లి దగ్గే బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. ఆయన లక్క పెరికి, కుండలోని నీళ్ళు కలిపి, ఆమెకిమ్మని సీసా నాకందించాడు. ఆయనెదుటే మందు తొట్టిలో ఒంపేసి సీసా పగలగొట్టాను. నేను మంచినీళ్ళకు తెచ్చుకునే సీసాలో కొత్త మందు పోసి ఆమెను పంపాను.

"మీ తాత కట్టించినాడా ఈ ఆసుపత్రి?" అని నవ్వాడు కాంపౌండరు. "సంతకం యాడ దొరుకుతుందో ఆడికే పో సామీ."

ఆవిరైందనుకుందామంటే లక్క ఉంది. ఎవరో తాగారనుకుందామంటే అలమర తాళంచెవి నా మొలతాడుకుంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మందులు కొలిచాను. లక్క వేశాక తగ్గిన ఆ మూడు మోతాదులు ఎటు పోయాయో ఇప్పటికీ చెప్పలేను.

శిక్షణ వేరే ఊళ్ళో మొదటినుంచి చేయవలసి వచ్చింది. ఆ ఖర్చులకు, మాకు మిగిలిన ఆఖరి మామిడితోటను రేణిగుంటలో లారీలు నడిపే ఒకాయనకు అమ్మాం.