క్యారేజీల వారు ఈ కిటికీ దగ్గర

మా కాలేజీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనం దొరకాలంటే ముందు చొక్కా మీద ఆశ వదులుకోవాలి. సిమెంటు రేకుల షెడ్డు, దానికి ఒకటే తలుపు. ఆకలితో లోపలికి తోసుకెళ్ళేవాడికీ అదే దారి, ఎంగిలి చెయ్యి పైకెత్తుకుని బయటికొచ్చేవాడికీ అదే దారి. టోకెన్లిచ్చే బల్ల తలుపుకు ఎదురుగా ఉండేది, అన్నం వడ్డించే బల్ల దాని పక్కనే. మంచినీళ్ళ డ్రమ్ము సరిగ్గా ఆ రెండింటి మధ్యన. ఆ డ్రమ్మును అక్కడ పెట్టిన మహానుభావుడెవరోగాని వాణ్ణి రెండేళ్ళపాటు తిట్టుకున్నాను. పళ్ళెం చేతికొచ్చేసరికి సగం సాంబారు ముందువాడి వీపు మీద ఉండేది, మిగతా సగం తినేలోపు గంట కొట్టేవారు.

ఎనభైల మొదట్లో, విశాఖపట్నంలో నేను మెకానికల్ డిప్లొమా చదివేటప్పటి సంగతి ఇది. మాది గోదావరి వైపు. నాన్నకు పోర్టులో ఉద్యోగం కాబట్టి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నేను టోకెన్ కొనుక్కుని పళ్ళెంలో తినేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చే కుర్రాళ్ళు చాలామంది టోకెన్ కొనేవారు కాదు. ఇంటినుంచి క్యారేజీలో అన్నం తెచ్చుకునేవారు, ఉత్త అన్నమే. ఆ తోపులాటలో దూరి, క్యారేజీ మూతో గిన్నో పట్టుకుని జనం భుజాల మీదుగా చెయ్యి చాపేవారు. వడ్డించే ఆవిడ ఎవరి చెయ్యో చూడకుండా ఒక గరిటె సాంబారు పోసేసేది. అది ఎప్పటినుంచో నడుస్తున్న అలవాటు. దానికి టోకెన్ లేదు, లెక్కాపత్రం లేదు, ఎవరూ అడిగేవారు కాదు.

ఆ వడ్డించే ఆవిడది జాలరిపేట. అందరూ ఆవిణ్ణి అప్పా అని పిలిచేవారు. ఈ ప్రాంతంలో అప్ప అంటే అక్క. మొదట్లో నాకు ఆ పిలుపు నోరు తిరగలేదుగాని, ఆకలి ఏ వరసైనా నేర్పిస్తుంది.

మూడో ఏడు మాకు వర్క్ స్టడీ అని ఒక సబ్జెక్టు వచ్చింది. ఏ పనిలో ఎంత సమయం వృథా అవుతోందో గడియారం పెట్టి కొలిచి, ఆ వృథాను తగ్గించే విద్య అది. ఒక్కొక్కరూ ఒక్కో చోటు ఎంచుకుని కొలిచి రమ్మన్నారు మా లెక్చరర్. నేను క్యాంటీన్ ఎంచుకున్నాను. ఆయన నా చేతిలో స్టాప్‌వాచ్ పెట్టగానే కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. వారం రోజులు గోడకానుకుని నిలబడి, ఎవడు ఎప్పుడు లోపలికొచ్చాడు, ఎవడు ఎవడికి అడ్డం పడ్డాడు, అన్నీ రాసుకున్నాను. మనుషులు నాకు కనబడలేదు, బాణం గుర్తులు కనబడ్డాయి.

నా ప్లాను ప్రిన్సిపాల్‌కు నచ్చింది. వెనకవైపు ఎన్నాళ్ళనుంచో మూసి ఉన్న తలుపు తీయించారు. ముందునుంచి రాక, వెనకనుంచి పోక. డ్రమ్మును కుళాయి దగ్గరికి మార్పించాను. వరస తప్పకుండా వెదురు కర్రలు పాతి, నాన్న పోర్టునుంచి తెచ్చిన పాత తాడు కట్టాను. వన్ టౌన్ వెళ్ళి ఎర్ర రంగు, తెల్ల రంగు కొనుక్కొచ్చాను. ఇక మిగిలింది బోర్డులు రాయడం.

మా క్లాసులో అందరికంటే చేతిరాత బాగుండేది నా బెంచీ మిత్రుడిది. వాడి డ్రాయింగ్ షీటు చూసి లెక్చరర్లు ఇది అచ్చు వేసిందా అని అడిగేవారు. దువ్వాడ అవతల కాలనీనుంచి క్యారేజీతో వచ్చేవాడు. స్టీలు ప్లాంటు కోసం పొలమూ ఊరూ పోయాక వాళ్ళు ఆ కాలనీకి మారారు. భూమి పోయినవాళ్ళకు ఉద్యోగాల్లో ముందు అవకాశం ఉంటుందని వాళ్ళింట్లో అందరి నమ్మకం. ఎప్పుడు మాట్లాడినా మాట అక్కడికే వచ్చేది. "డిప్లొమా సేతికొస్తే సాలు బావా. హెల్పరుగా కాదు, టెక్నీషియన్‌గా ఎల్తాను. పొలం పోయినకాడే నాను మిషన్ తిప్పుతాను" అనేవాడు. వాళ్ళ నాన్న పోయారు. ఆ ఇల్లు నిలబడాలంటే ఆ ఉద్యోగమే దిక్కు.

వాడు కుంచె పట్టుకుని వరండాలో కూర్చుని వరసగా రాశాడు. లోపలికి. టోకెన్లు ఇక్కడ. భోజనం ఇక్కడ. చేతులు కడుగు చోటు. బయటికి. ఒక్కో అక్షరం ముత్యం. చివరి బోర్డు రేకు ఇచ్చి నేను చెప్పిన మాట విని కుంచె ఆపాడు.

"ఇది కూడా రాయాలేటి బావా?"

"రాయి మరి. మీ కోసమే కదా" అన్నాను.

వాడు నావైపు చూడలేదు. తల వంచుకుని రాశాడు. 'క్యారేజీల వారు ఈ కిటికీ దగ్గర.'

అది నా తెలివికి పరాకాష్ఠ అనుకున్నాను. భుజాల మీదుగా చేతులు చాపడం వల్లే సాంబారు ఒలుకుతోందని గడియారం చెప్పింది. అందుకని వాళ్ళకు వేరే కిటికీ పెట్టించాను. వాళ్ళు ఇక తోసుకోనక్కర్లేదు, గౌరవంగా నిలబడి పోయించుకోవచ్చు. ఆ కిటికీ పళ్ళేల వరసకు ఎదురుగానే ఉంది. వరసలో ఉన్నవాళ్ళందరికీ అక్కడ ఎవరు నిలబడ్డారో కనబడుతుంది. బోర్డు కనబడాలి కదా అని అలా పెట్టాను.

బోర్డు మేకులు కొడుతుంటే అప్ప గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. ఆవిడకు చదువు రాదు. ఏం రాశారో చెప్పించుకుంది.

"కిటికీ సాలు బాబూ. బోర్డొద్దు" అంది.

"బోర్డు లేకపోతే ఎలా తెలుస్తుంది అప్పా?"

"తెలిసినోల్లకి బోర్డెందుకు? తెలీనోల్లకి తెలవాల్సిన పనేటి?"

నవ్వేశాను. చదువు రాని మనిషి, బోర్డుల విలువ ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఇప్పుడీ వాక్యం రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

క్యాంటీన్ మారిపోయింది. తోపులాట లేదు, చొక్కాల మీద మరకల్లేవు, గంట కొట్టేలోపు అందరూ తినేసి చేతులు కడుక్కుంటున్నారు. వరస సగానికి సగం తగ్గింది. పక్క కాలేజీవాళ్ళు చూడ్డానికి వస్తే ప్రిన్సిపాల్ నన్ను పిలిపించి వాళ్ళముందు భుజం తట్టారు. నాలుగు రోజులు నేల మీద నడవలేదు నేను.

ఒక్క కిటికీ దగ్గరే ఎవరూ ఉండేవారు కాదు. మొదటి రోజు ఇద్దరు వచ్చారు. వరసలోంచి ఎవడో "సాంబారు సంఘం" అన్నాడు, అందరూ నవ్వారు. నేనూ నవ్వానేమో, గుర్తులేదు. గుర్తులేదనడం కూడా ఒక రకం అబద్ధమే. నవ్వాను. మర్నాడు ఆ ఇద్దరూ రాలేదు. అప్ప మాత్రం కొన్నాళ్ళు సాంబారు బకెట్టు పెట్టుకుని కిటికీ వెనక నిలబడేది. నా రిపోర్టులో నేనేం రాశానో తెలుసా? కిటికీకి గిరాకీ తక్కువగా ఉన్నందున దాన్ని తీసివేయవచ్చునని రాశాను. దానికి మంచి మార్కులే వచ్చాయి.

నా మిత్రుడు మధ్యాహ్నం వేళ కనబడటం మానేశాడు. అడిగితే "లైబ్రరీలో పనుంది బావా" అనేవాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి నమ్మాను. మనిషి చిక్కాడు. ఆ ఎండాకాలం అందరమూ చిక్కాం కాబట్టి అదీ పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం వర్క్‌షాపులో వాడు లేత్ మిషన్ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను రెండు మిషన్ల అవతల ఉన్నాను. వాడు ముందుకు తూలడం చూశాను. ఆపుకోవడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి తిరుగుతున్న మిషన్ మీద పడింది. ఆ తర్వాత వచ్చిన కేక ఎవరిదో ఇప్పటికీ నాకు తెలియదు. నాదే కావచ్చు.

పెద్దాసుపత్రిలో ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్ళు నాలుగు పోయాయి. ఒంట్లో నెత్తురు లేదని, సరిగ్గా తినడంలేదా అని డాక్టరు అడిగాడట. ఆ మాట మా లెక్చరర్ వచ్చి చెప్పినప్పుడు ఇంట్లో ఇబ్బందేమో అనుకున్నాను. అంతవరకూ నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు క్యాంటీన్‌లో పళ్ళెం పట్టుకుని అప్ప ముందుకొచ్చాను. ఆవిడ గరిటె కదపలేదు.

"ఆ గుంటడు నెల్లాళ్ళబట్టి మజ్జాన్నం తిండి తినడం నేదు. నీకు తెల్దేటి?"

"లైబ్రరీలో..." అని ఏదో గొణిగాను.

"ఏటి లైబ్రెరీ? సైకిల్ షెడ్డెనకాల కూకునేవోడు. ఉత్తన్నం గొంతు దిగుతాదేటి? రెండు ముద్దలు మింగి, మిగిలింది కుక్కలకెట్టేసేవోడు. ఇంటికి ఒట్టుకెల్తే అమ్మ అడుగుతాదని. నాను గిన్నెలో ఒట్టుకెల్లి ఇత్తే, వొద్దప్పా అని లేసెల్లిపోయాడు. ఎవులూ సూడకుండా పోసినన్నాల్లూ తిన్నారు బాబూ ఈల్లంతా. నువ్వు బోర్డు కింద నిలబెట్టి అడుక్కోమన్నావు."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఆ సామెత ఇక్కడ సరిపోదు. కోతే అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. నేను గోడకానుకుని వారం రోజులు కొలిచిన ఆ తోపులాట వాళ్ళకు అడ్డు కాదు, చాటు. ఆ గుంపులో ఎవడిది పళ్ళెమో ఎవడిది క్యారేజీ మూతో తెలిసేది కాదు. వరస సగం ఎందుకు తగ్గిందో అప్పుడర్థమైంది. తినేవాళ్ళు తగ్గారు.

ఆ సాయంత్రమే బోర్డు పీకేశాను. మేకు తగిలి చెయ్యి తెగింది. బాగా అయిందనుకున్నాను. బోర్డు పోయినా క్యారేజీ కుర్రాళ్ళు తిరిగి రాలేదు. ఒకసారి అందరి కళ్ళల్లో పడ్డవాళ్ళు మళ్ళీ ఏ చాటుకు వెళ్తారు?

ఆసుపత్రినుంచి పంపించిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. దారి పొడుగునా బస్సులో ఒకటే మాట వల్లెవేసుకున్నాను. తప్పు నాది, క్షమించు, అంతే. ఇంకేం కలపకూడదు, సాకులు చెప్పకూడదు అనుకున్నాను.

వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చేతికి కట్టు. నన్ను చూసి లేచాడు. "రా బావా, ఎండలో వచ్చావు" అని మంచం వాల్చబోయాడు, ఎడమచేత్తో దానికి పట్టు దొరకలేదు. నేనే వాల్చుకున్నాను. ప్లాంటు మాట నేను ఎత్తలేదు, వాడే ఎత్తాడు. "టెక్నీషియన్‌కి రెండు సేతులూ సూత్తారు కదా" అన్నాడు, పక్కవాడి సంగతి చెబుతున్నట్టు. "తమ్ముడు ఎదిగినాక సూడాలి." ఆ తమ్ముడు అప్పటికి రెండో తరగతి.

వాళ్ళమ్మ నన్ను లోపలికి పిలిచి పీట వేసింది. వద్దన్నా వినలేదు. ఒకటే కంచం పెట్టింది. అన్నం, చేపల పులుసు. నాకోసమే వండినట్టుంది.

"వాడికీ పెట్టండమ్మా, కలిసి తింటాం" అన్నాను.

"నాకాకల్లేదు. నువ్వు తిను బావా" అన్నాడు వాడు గుమ్మంలోంచి.

వాళ్ళమ్మ గొంతు తగ్గించింది. "పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు బాబూ. ఎడమ సేత్తో తినడు. నానే కలిపి ముద్దలెడతన్నాను. నీ ముందు తినడానికి సిగ్గంట. నువ్వెల్లినాక ఎడతాన్లే."

గుమ్మంవైపు చూశాను. వాడు ఎండలోకి చూస్తూ నిలబడ్డాడు. విన్నాడో లేదో తెలియదు. మెతుకు వదలకుండా తిన్నాను, గబగబా, ముళ్ళు కూడా చూసుకోకుండా తిన్నాను. వాళ్ళమ్మ ఇంకొంచెం వేసుకోమంటే చెయ్యి అడ్డం పెట్టి లేచాను.

"అప్పుడేనేటి? కూకో బావా, మాటాడుకుందాం" అన్నాడు వాడు.

వాడికి చెప్పాలని తెచ్చుకున్న మాట నోటిదాకా వచ్చింది. అది చెబితే వాడు నన్ను ఓదారుస్తాడు, కూర్చోబెడతాడు, ఇంకో గంట గడుస్తుంది. నేను అక్కడ ఎంతసేపుంటే వాడికి అంతసేపు తిండి ఉండదు. బస్సుకు వేళయిందని అబద్ధమాడి, క్షమించమని అడగకుండానే వచ్చేశాను.