రెక్కలాయన, పచ్చ ముసుగాయన, పట్టాల దానయ్య

దానయ్యగారు పెళ్లిలో పులిహోర తక్కువైనా ఎంక్వైరీ వేసే మనిషి. ఎగతాళికి అనడం లేదు. ఆయన కూతురు నీలిమ పెళ్లిలో మూడో బంతికి పులిహోర అయిపోతే వంటవాణ్ణీ, వడ్డించినవాళ్లనీ, పురోహితుణ్ణీ ఒక గదిలో కూర్చోబెట్టి, బాధ్యత ఎవరిదో తేల్చి, అందరిచేతా సంతకాలు పెట్టించారు. పురోహితుడికీ పులిహోరకీ ఏం సంబంధమని అడిగితే, తంతు అరగంట సాగదీసి జనానికి ఆకలి పెంచింది ఆయనే కదా అన్నారు. పట్టుచీర కట్టుకుని ఆ కాగితం టైపు చేసిన దౌర్భాగ్యురాలిని నేనే.

నా పేరు రాజశ్రీ. రాయపూర్‌లో రైల్వే ఆఫీసులో ముప్పై మూడేళ్లు స్టెనోగా చేశాను. దానయ్యగారు పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరు. బండి పట్టాలు తప్పిందంటే పట్టాలవాళ్లు, ఇంజన్‌వాళ్లు, సిగ్నల్‌వాళ్లు తలా ఒక ఇన్‌స్పెక్టర్ని పంపాలి. ముగ్గురూ కలిసి తప్పెవరిదో ఒకే కాగితం మీద రాయాలి. దాన్ని జాయింట్ నోట్ అంటారు. తప్పు తమ శాఖది కాదని ముగ్గురికీ ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే తెలుసు. దానయ్యగారైతే తన సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా పట్టాలది తప్పని ఒప్పుకోలేదు. ఒకసారి గేదె అడ్డం వస్తే, అది పట్టాల మీద లేదు, పట్టాల మధ్య ఉంది అని రాయించారు.

ఆయన రాయించినవాటిలో ఒకటి మాత్రం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. రెండు వేల నాలుగులో అభన్‌పూర్ దాటాక చిన్న లైను బండి రెండు పెట్టెలు పట్టాలు తప్పి వరిచేలోకి ఒరిగాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. జనం బుట్టలు నెత్తిన పెట్టుకుని ఇళ్లకి నడిచిపోయారు. డ్రైవరు వెంకటరత్నంగారు. దానయ్యగారి పక్క క్వార్టరు, ఒకే జిల్లావాడు, ప్రాణస్నేహితుడు. అయినా ఈయన 'కారణం: డ్రైవరు మితిమీరిన వేగం' అని రాయించారు. ఆ బండి నడుస్తుండగానే దిగి, చెట్టు చాటుకి వెళ్లొచ్చి, మళ్లీ ఎక్కేవాళ్లు జనం. దానికి వేగమట. టైపు చేస్తూ నవ్వుకున్నాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఎందుకంటే ఆ కాగితం వల్ల వెంకటరత్నంగారిని మూడేళ్లు బండి ఇవ్వకుండా షెడ్డులో కూర్చోబెట్టారు. ఎప్పటికైనా మెయిల్ బండి నడపాలని ఆశపడిన మనిషి, అది నడపకుండానే రిటైరయ్యారు.

ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే ఎప్పట్లాగే దానయ్యగారి భార్య పార్వతమ్మగారి చేతి టీ కోసం వాళ్ల గుమ్మంలో కూర్చున్నారు. రిటైరై ఒకే కాలనీలో పక్కపక్కన ఇళ్లు కట్టుకున్నాక కూడా, ఆ తర్వాత పద్నాలుగేళ్లూ కూర్చున్నారు. ఈ స్నేహాన్ని ఒక సినిమా చెడగొడుతుందని ఎవరనుకుంటారు?

రెండు వేల పద్దెనిమిది మే నెల. ఎండ నలభై అయిదు దాటింది. మా రిటైరైనవాళ్ల సంఘం నయా రాయపూర్ చూసొద్దామనుకుంది. అక్కడ రోడ్లు వెడల్పే గానీ నిలబడటానికి చెట్టు నీడ ఉండదని మానేసి, ఊళ్లోనే పండరీ పేటలో ఉన్న మాల్‌కి వెళ్లాం. ఏసీలో మూడు గంటలు కూర్చోవడం మా ఉద్దేశం. సినిమా ఏదైతే ఏం?

హిందీలోకి డబ్ చేసిన విదేశీ సినిమా అది. ఇద్దరు వీరులు, ఒకప్పటి స్నేహితులు, కొట్టుకుంటారు. పేర్లు మాకు నోరు తిరగలేదు. ఒకడు రెక్కలాయన, ఇంకొకడు పచ్చ ముసుగాయన. హాలు నిండా కాలేజీ పిల్లలు. సగం మంది రెక్కలు కట్టుకొచ్చారు, సగం మంది ముసుగులు వేసుకొచ్చారు. ఈలలే ఈలలు. ఇంటర్వెల్ ముందు ఒక పెద్ద వంతెన మీదికి రైలు వస్తుంది. పచ్చ ముసుగాయన రెక్కలాయన్ని కొట్టడానికి చేతికి దొరికిందని రైలు పట్టా పీకుతాడు. అదే క్షణంలో రెక్కలాయన ఇంజన్‌కి రొమ్ము అడ్డం పెడతాడు. ఇరవై రెండు పెట్టెలు నదిలోకి. పిల్లలు సీట్లెక్కి గంతులేశారు. మా వరుస మాత్రం బిగుసుకుపోయింది.

"పట్టా పీకడానికి ముందు బళ్లు ఆపించి లైన్ బ్లాక్ తీసుకున్నాడేటి?" అన్నారు వెంకటరత్నంగారు. "సీదా పట్టాలవాళ్ల గల్తీ. ఇంజనుది ఏటీ లేదు."

దానయ్యగారి నోటికి అలవాటు అలాంటిది. ఆలోచించే లోపే మాట జారింది. "పట్టా పీకకముందే ఇంజను గుద్దీసింది. డ్రైవరు స్పీడు మీద ఉన్నాడు."

వెంకటరత్నంగారు లేచి వెళ్లిపోయారు. తిరుగు ప్రయాణంలో వేరే ఆటో ఎక్కారు. మర్నాడు టీకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఇక కాలనీ రెండు ముక్కలైంది. ఇంజన్ శాఖలో చేసినవాళ్లంతా రెక్కలాయన అభిమానులయ్యారు. పట్టాలవాళ్లంతా పచ్చ ముసుగు పక్షం. డెబ్భై ఏళ్లవాళ్లు కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే మొహాలు తిప్పుకున్నారు. సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా చేసిన కొండలరావుగారు మాత్రం సినిమాలో సిగ్నలే చూపించలేదు కాబట్టి తనకేమీ తెలియదన్నారు. సర్వీసులో కూడా ఆయన సమాధానం ఎప్పుడూ అదే.

దానయ్యగారు తిండి మానేశారు. పార్వతమ్మగారు రోజూ రెండు గ్లాసుల టీ పెట్టడం, ఆయన రెండోదాన్ని చూస్తూ కూర్చోవడం. "వెళ్లి మాట్లాడండి మహాప్రభో, గోడ అవతలే కదేటి ఉన్నాడు" అని ఆవిడ మొత్తుకుంది. కానీ ఆయనకి మనుషులతో మాట్లాడటం ఒకే పద్ధతిలో వచ్చు. ఎంక్వైరీ వేశారు.

అప్పటి నుంచి మాకు పట్టిన శని ఇంతా అంతా కాదు. ప్రమాద స్థలం మళ్లీ చూడాలని సినిమాకి ఇంకో రెండుసార్లు తీసుకెళ్లారు. రెండోసారి హాలు మేనేజరు ప్రేమ్‌చంద్‌ని పిలిచి, వంతెన సీను దగ్గర బొమ్మ ఆపి వెనక్కి తిప్పమన్నారు. కుదరదంటే, స్టేషన్ మాస్టరు సహకరించలేదని రాసుకున్నారు. మూడోసారి వంతెన మీద పట్టాల కింది స్లీపరు దుంగలు లెక్కపెడుతుంటే, ఆ సీటు వెనక పిల్లలు ఆయన్ని వీరాభిమాని అనుకుని చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక ఆ పిల్లలే మా అందరికీ వీరుల అట్టబొమ్మల పక్కన ఫోటోలు తీశారు. పార్వతమ్మగారికి ఒక ముసుగు బహుమతిగా ఇచ్చారు. దానితో ఆవిడ పోపు ఘాటుకి తుమ్ములు ఆగాయని చెప్పింది.

దానయ్యగారికి అన్నిటికంటే కోపం తెప్పించింది సినిమా చివర. ఆ ఇద్దరు వీరులూ ఒకరినొకరు కావలించుకుని స్నేహితులైపోతారు. హాలంతా ఏడ్చింది. "ఇన్ని పెట్టెలు నదిలో ఉన్నాయి, ఒక్క స్టేట్‌మెంటు తీసుకోలేదు. తప్పెవరిదో తేల్చకుండా ఎలా కలిసిపోతారు?" అని ఆయన ఇల్లు చేరేదాకా అడుగుతూనే ఉన్నారు.

శనివారం పొద్దున నన్ను పిలిచి నోట్ చెప్పడం మొదలుపెట్టారు. తేదీ, స్థలం, హాజరైనవారు. తర్వాత గోడ వైపు తిరిగి, "కారణం: పట్టాలు రెండూ కలిసే చోట బోల్టులు లేకపోవడం. బాధ్యత: పట్టాల శాఖ" అన్నారు.

నేను చేతులు ఆపేశాను. "అన్నయ్యగారూ, సినిమాలో బోల్టులు ఎక్కడ కనిపించాయి?"

"రాయమ్మా."

"ఆ వంతెన మీద..."

"వంతెన కాదమ్మా. వరిచేను." ఆయన ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నారు. "ఆ రోజు అందరికన్నా ముందు నేను చేరినాను. జాయింటుకి నాలుగు బోల్టులుండాలి. రెండు లేవు. సంచీలో ఉన్నవి తీసి, ఎవరూ రాకముందే బిగించీసినాను. తర్వాత స్పీడని రాయించినాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయన జీవితం పాడు చేసి పద్నాలుగేళ్లు ఆయనకి టీ పోశారా?" అని మొహం మీదే అడిగాను. అంత కోపంలోనూ నాకు జాలేసింది. నిజం చెప్పడానికి కూడా ఈ మనిషికి మూడు శాఖల సంతకాలు కావాలి. చదివాక వెంకటరత్నంగారు ఇక జన్మలో ఈ గడప తొక్కరని దానయ్యగారికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన వద్దనలేదు, నేను టైపు చేశాను.

ఆదివారం సంఘం గదిలో కూర్చున్నాం. వెంకటరత్నంగారు గొడవకి సిద్ధమై వచ్చారు. కొండలరావుగారు చదవకుండానే సంతకం పెట్టి కాగితం ముందుకి తోశారు. వెంకటరత్నంగారు కళ్లజోడు పెట్టుకుని చదివి విసుక్కున్నారు.

"ఏటిది? ఆ ముసుగోడు పట్టా పీకడం ఊరంతా చూసింది. బోల్టులెక్కడివి ఇందులో?"

"ఇది ఆ బండి కాదు" అన్నారు దానయ్యగారు.

వెంకటరత్నంగారు కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివారు. ఈసారి చాలాసేపు పట్టింది. దానయ్యగారు రెండు చేతులూ కట్టుకుని, శిక్ష వినే మనిషిలా నిలబడ్డారు.

"ఎన్ని లేవు?" అన్నారు వెంకటరత్నంగారు తలెత్తకుండా.

"రెండు."

"రెండేనా?" అంటూ ఆయన సంతకం కోసం జేబులో పెన్ను వెతుక్కున్నారు. "నాలుగూ లేవనుకుంటన్నాను ఇన్నేళ్లూ."