మంటకు కాపని డప్పు

ఈ రోజు మరిపెడలో తెలంగాణ కోసం రోడ్డు మీదే వంటా వార్పు పెట్టారు. నేను వంకాయలు కోస్తూ కూర్చున్నాను. నా పక్కన ఒక తల్లి ఏడేళ్ల బిడ్డతో వచ్చి కూర్చుంది. డప్పు మోగగానే ఆ పిల్ల చెవులు మూసుకుని, నేల మీద పడి ఒకటే అరుపు.

"గాలి సోకింది, దర్గాకు తోల్కపో" అన్నారెవరో. తల్లి తల దించుకుని సంచి సర్దుకుంది. నా చిన్నోడూ అంతే, చప్పుడు ఓర్చుకునేవాడు కాదు. పోయినేడు జ్వరంతో చనిపోయేదాకా, వాడితో నేను ఒక్క పెళ్లికీ పోలేదు.

డప్పు కొట్టే ముసలాయన ఆపి దగ్గరికొచ్చాడు.

"పిల్ల ఎంత చప్పుడైతే ఓర్సుకుంటది బిడ్డా?"

"మెల్లగ కొడ్తె ఉంటది బాపు. నువ్వు ఆపకు, మేమే పోతం."

"ఎందుకు పోతరు? తెలంగాణ మీది గాదా? జర కూసో."

మంటకు కాపితేనే డప్పు బిర్రుగా మోగుతుంది. ఆయన దాన్ని తడిగుడ్డతో తుడిచి, తోలు వదులు చేసి, చల్లగానే వాయించాడు.

"తాతా, గిది డప్పా, అట్టపెట్టెనా?" అని పోరగాళ్లు నవ్వారు.

"మీకోసం కొడ్తలేను పోండ్రా!"

కాసేపటికి పిల్ల చెవుల మీంచి చేతులు తీసింది. తల్లి కూర్చుని కడుపునిండా తిన్నది.

చిన్నోడి కోసం ఎన్ని దవాఖానలు తిరిగినా, ఎంత చప్పుడైతే ఓర్సుకుంటడన్న ఆ ఒక్క మాట నన్నెవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే, నేనూ వాణ్ణి అడగలేదు. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, మీరు అడిగారా?