భార్య సంపాదిస్తే పోయే రిలీఫ్

1999. వై టూ కే పుణ్యమా అని మన కంప్యూటర్ కుర్రాళ్ళు సింగపూర్‌లో విమానాల నిండా దిగుతున్న రోజులు. నేను అప్పటికే ఒక ఆడిట్ ఆఫీసులో పాతకాపుని. శనివారాలు హౌగాంగ్‌లోని మా ఫ్లాట్‌కి మనవాళ్ళు టాక్స్ సందేహాలతో వచ్చేవారు. సగం సందేహాలు కంప్యూటర్ కంపెనీలుండే సైన్స్ పార్క్ క్యాంటీన్లో పుట్టినవే. అక్కడ అన్నం తింటూ ఎవడేం చెబితే అదే వేదం. నాకు ఒళ్ళు మండేది.

అలా ఒకసారి మురళి, పద్మ వచ్చారు. పెళ్ళై రెండేళ్ళు. అతను సైన్స్ పార్క్‌లో ప్రోగ్రామర్. ఆమె కాకినాడలో ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరు, వేసవి సెలవులకి వచ్చింది.

“అక్కా, ఈవిడ ఉద్యోగం మానేస్తే నాకు వైఫ్ రిలీఫ్ వస్తుంది కదా? మాకదే లాభం. మీరైనా చెప్పండి,” అన్నాడు మురళి.

పద్మ తల వంచుకుని కూర్చుంది. బడి తెరిచేలోగా వస్తానో రానో హెడ్మాస్టరుకి చెప్పాలట.

వైఫ్ రిలీఫ్ అంటే, భార్యకి చెప్పుకోదగ్గ సంపాదన లేకపోతే భర్తకి టాక్స్‌లో ఇచ్చే వెసులుబాటు. ఆమె జీతం ఇండియాలో వచ్చినా సరే, పరిమితి దాటితే అది పోతుంది. అంతవరకూ క్యాంటీన్ చెప్పింది నిజమే. కానీ ఆ రిలీఫ్‌ని కట్టాల్సిన టాక్స్‌లోంచి తీసెయ్యరు, టాక్స్ వేసే జీతంలోంచి తీస్తారు. చివరికి చేతికి మిగిలేది చాలా కొంచెం.

లెక్క వేసి చూపించాను.

“ఏడాదికి నీకు మిగిలేది మీరిద్దరూ రెండు వారాలు హాకర్ సెంటర్ చవక దుకాణాల్లో తినే ఖర్చు. ఈ అమ్మాయి ఒక్క నెల జీతం చాలు దానికి. ఈ కాస్తకీ ఉద్యోగం మానిపిస్తావా?” అని కసిరాను.

మురళి లెక్క కాగితం పక్కకి పెట్టేసి డీలాపడ్డాడు. పద్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె అతని మొహంలోకే చూస్తోంది.

“లాభం లేదని తేలిపోయిందిగా. ఇంకెందుకండీ అలా ఉన్నారు?” అంది.

“ఏం లేదు,” అన్నాడు. ఆ కాగితాన్నే మడుస్తూ, “ఎన్నాళ్ళని ఫోన్ కార్డుల మీద బతకను పద్మా? నువ్వు రాకముందు గదిలో నలుగురం ఉండేవాళ్ళం. అయినా ఆఫీసు నించి రాబుద్ధి అయ్యేది కాదు. నువ్వు వచ్చాక ఇంటికి త్వరగా వస్తున్నాను,” అన్నాడు.

“ఆ మాట చెప్పడానికి మధ్యలో ఈ టాక్సెందుకండీ? డబ్బు కోసం మానెయ్యమంటున్నారనుకుని ఎంత ఏడ్చానో!”

ఆ కుర్రాడి మీద నాకు చెప్పలేనంత జాలి వేసింది. రమ్మని అడిగాక ఆమె రానంటే తట్టుకోలేడు. అందుకని టాక్స్‌ని అడ్డం పెట్టుకున్నాడు.

“నా పదో తరగతి పిల్లల చేత పరీక్షలు రాయించి వచ్చేస్తాను. అప్పటిదాకా ఆగగలరా?” అంది పద్మ.

“ఆగుతాను. కానీ రావాలి,” అన్నాడు. ఈసారి రిలీఫ్ ఊసెత్తలేదు.

అప్పటినించీ భార్యాభర్తలెవరు టాక్స్ ప్రశ్నతో వచ్చినా, జవాబు చెప్పేసి వెంటనే కాగితాలు సర్దెయ్యను. కాసేపు ఊరికే కూర్చుంటాను. రిలీఫ్ వస్తుందో రాదో నేను చెప్పగలను. ఆమె రావాలని ఉందన్న మాట మాత్రం అతని నోటితోనే రావాలి. దానికి కొంచెం సేపు పడుతుంది.