నా చేతికి సరిపడిన రంపం

పచ్చి సరుగుడు దుంగను రంపం మిషన్ కోస్తున్నప్పుడు ఒక వాసన వస్తుంది. ఆయిల్ కలిపిన పెట్రోలు పొగ, తడి పొట్టు కలిసిన వాసన. నిన్న ఉదయం షాపు ముందు ఎవరో తన మిషన్ పరీక్షించుకుంటుంటే అది ముక్కుకు తగిలింది. నా చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది. మస్తాన్ భాయ్ పక్కకు వస్తే వచ్చే వాసన అది. ఆయన్ను ఎరగనివాళ్లకు ఆయన గురించి చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

దొరవారిసత్రం రోడ్డు మీద ఆయన షాపు. చుట్టుపక్కల సరుగుడు తోపులు కోసేవాళ్ల రంపాలన్నీ రిపేరుకు అక్కడికే వచ్చేవి. వచ్చిన ప్రతివాడికీ స్పీడు కావాలి. సైలెన్సర్ బొక్క పెద్దది చెయ్యమనేవాళ్లు కొందరు. ఇంకొందరు మరింత గాలి పీలుస్తుందని ఇంటిదగ్గరే ఫిల్టర్ పీకేసి నడిపేవాళ్లు. మాది ఇసుక నేల. ఆ సన్నటి ఇసుక ఇంజిన్లోకి పోయి పిస్టన్‌ను గీకి పారేసేది. "గాలి కావాలని ఇసక మేపినావు గదరా దానికి!" అని భాయ్ నెత్తి కొట్టుకునేవారు. ఇంకా స్పీడు పెంచమని బతిమాలితే, "రాకెట్ కావాలంటే శ్రీహరికోటకు పో. ఇక్కడ రంపాలే చేస్తాం" అనేవారు.

బాగుచేసిన రంపాన్ని ఆయన ఊరికే చేతికిచ్చేవారు కాదు. షాపు ముందు ఎప్పుడూ ఒక దుంగ ఉండేది. రంపం ఎవరిదో వాళ్లే దాన్ని కోసి చూపించాలి. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. మధ్యలో ఆపించి, కార్బొరేటర్ స్క్రూ వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ కొయ్యమనేవారు. కోత ఎలా ఉందని ఆయన్ను అడిగితే మాత్రం, "నన్నడుగుతావేంది, కోసినోడివి నువ్వు గదా" అనేవారు. తమాషా ఏమిటంటే, ఇన్ని రంపాలకు ప్రాణం పోసిన మనిషి జన్మలో ఒక్క చెట్టు కొట్టలేదు. చెట్టు కూలే చప్పుడు వింటే కాళ్లు ఆడవని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు.

నేను తోపుల్లో కోతకు పోయేవాణ్ని. ఒకరోజు ట్రాక్టర్‌కు ఎక్కిస్తున్న దుంగ జారి నా కుడి మణికట్టు మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ పట్టు తిరిగి రాలేదు. రంపం పట్టుకుంటే ఆ అదురుకు కాసేపట్లోనే వేళ్లు మొద్దుబారేవి. కోత తప్ప నాకు వేరే పని రాదు. ఇక జీవితమంతా ఇంట్లో కూర్చుని తినాల్సిందేనా అన్న దిగులు నన్ను తినేసింది. రంపాన్ని అమ్మిపెట్టమని భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాని వైపు చూడనైనా చూడలేదు. నా చెయ్యి తీసుకుని ఒక్కో వేలూ నొక్కుతూ, "ఇక్కడ తెలస్తా ఉందా? ఇక్కడ?" అని అడిగారు.

"ఏం భాయ్, ఇంజిన్ ప్లగ్గు చూసినట్టు చూస్తుండావా?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"ప్లగ్గయితే మార్చి పారేసేవాణ్ని అబ్బయా. ఇది చెయ్యి. దీన్ని మార్చలేం. రంపాన్నే మార్చాల."

ఆ ఎండాకాలమంతా ఆయన నా రంపంతో కుస్తీ పట్టారు. ఇంజిన్‌కూ పిడికీ మధ్య మెత్తటి రబ్బర్లు వేశారు. పిడికి సైకిల్ ట్యూబు చుట్టారు. పొగ బయటికి పోయే దారిని పైకి పెంచకుండా పక్కలకే ఆకురాయితో కాస్త వెడల్పు చేశారు. దాంతో రంపం గొంతు చించుకోకుండానే, తక్కువ స్పీడులో కూడా బలంగా లాగేది. నేను దుంగ కోసి, చిటికెన వేలు తిమ్మిరెక్కిందనేవాణ్ని. ఆయన విసుక్కోకుండా మళ్లీ అంతా విప్పేవారు. చివరికి ఒక మధ్యాహ్నం దుంగ రెండు ముక్కలయ్యేదాకా ఆపకుండా కోశాను. తల తిప్పి చూస్తే భాయ్ కళ్లు మూసుకుని లేరు, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. "చూడలేకపోయినాను రత్నం, మళ్లీ తిమ్మిరెక్కుతుందేమోనని భయమేసింది" అన్నారు.

అయినా నేను తోపుకు పోలేదు. చెయ్యి సిద్ధంగానే ఉంది, నాకే గుండె చాలలేదు. ఆయన తొందరపెట్టలేదు. షాపులోనే తన పక్కన పని చూపించి, "నీకెప్పుడు పోబుద్ధయితే అప్పుడే పోదువులే" అన్నారు.

కిందటేడు తుఫాను వాన కురిసి వెలిసిన ఉదయం భాయ్ చనిపోయారు. ఆయన్ను పూడ్చాల్సిన ఖబరస్తాన్ దారికి అడ్డంగా పెద్ద నిద్రగన్నేరు చెట్టు కూలి ఉంది. కోతవాళ్లంతా పెద్దరోడ్డు మీది చెట్లు తియ్యడానికి పోయారు. ఇంటి దగ్గర జనాజా మోసుకుపోవడానికి సిద్ధంగా ఉంది. భాయ్ తమ్ముడు నా వైపు ఒకసారి చూసి, అడగలేక తల దించుకున్నాడు. నేను షాపుకు పోయి నా రంపం తెచ్చాను. మొదట కొమ్మలు, తర్వాత మాను, ఒక్కో ముక్కే కోస్తూ పోయాను. అందరూ కలిసి ముక్కలను పక్కకు దొర్లించారు. ఆయన ఆ దారినే పోయారు.

కోస్తున్నంతసేపూ వేళ్లు మొద్దుబారలేదు. గుంట దగ్గర నన్ను కూడా పిలిచి పిడికెడు మట్టి వెయ్యమంటే ఆ చేత్తోనే వేశాను. ఆ మర్నాటి నుంచి తోపుకు పోతున్నాను, పని లేని రోజుల్లో షాపు తీస్తున్నాను. పొద్దున్నే లేచి పనికి బయల్దేరే మనిషిగా ఆయన నన్ను మిగిల్చి పోయారు. పిడి పట్టుకున్న ప్రతిసారీ ఆయన మీద ప్రేమతో ఆ సైకిల్ ట్యూబును ఒకసారి తడుముతాను. ఒక నిమిషం ఆగి, అప్పుడు స్టార్ట్ చేస్తాను.