డాస్ పేరుతో ఉన్న విండోస్

ఆగ్నెస్ మెదక్ నుంచి అబిడ్స్‌కు వచ్చింది తెలుగు టైపు నేర్చుకోవడానికి, నేర్పడానికి ఉండిపోయింది. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా, ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి అవసరం పోలేదు. నాంపల్లి స్టేషన్ దారిలో మేడ మీదున్న ఇన్‌స్టిట్యూట్‌లో పద్నాలుగేళ్లుగా ఆవిడే హెడ్డు. ఉద్యోగ పరీక్షల కోసం సొంతంగా అల్లిన అభ్యాస పాఠాలు రెండు వందల పైచిలుకు, అన్నీ ఒకే కంప్యూటర్‌లో, విండోస్‌లో. ఫ్లాపీల్లోకి ఎక్కించాలని ప్రతి ఆదివారం చర్చిలో కూర్చుని అనుకునేది.

2002 జూన్‌లో ఓనరు అంజయ్యకు ‘ఇచట లినక్స్ కూడా నేర్పబడును’ అని బోర్డు రాయించాలనిపించింది. శనివారం రిపేరు ప్రేమ్‌రాజ్ వచ్చి విండోస్ పక్కనే, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి వెళ్లాడు. సోమవారం పొద్దున ఆగ్నెస్ కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద రెండే వరుసలు: లినక్స్, డాస్. చూస్తుండగానే పది సెకన్లు గడిచి లినక్స్ దానంతటదే తెరుచుకుంది. అందులో పాఠాలు లేవు. పరీక్షకు వెళ్లే బ్యాచి మధ్యాహ్నం రెండింటికి ఆఖరి అభ్యాసానికి వస్తుంది.

డాస్ నొక్కి చూడొచ్చు కదా అంటారు. విండోస్ రాకముందు, డాస్ రోజుల్లో ఒక్క మాట తప్పు కొట్టి డిస్కంతా ఊడ్చేసిన చెయ్యి ఆవిడది. ఆ వరుస జోలికి పోకుండా ప్రేమ్‌రాజ్‌కు ఫోన్ చేసింది. గంటలో అతను మెట్లెక్కి వచ్చాడు.

"నా విండోస్ తుడిచేసినవా తమ్మీ?"

"తుడిచేస్తే మొహం చూపిస్తనా అక్కా? మొజంజాహీ మార్కెట్ కాడనే వెనక్కి మర్రిపోతుంటి. గీ డాసే నీ విండోస్. లినక్స్ ఎక్కేటప్పుడు దానంతటదే గట్ల పేరు పెట్టింది."

"అడగకుండ పేరు పెట్టనీకి అదేమన్న పాస్టరయ్యనా?"

అతను డాస్ నొక్కాడు. విండోస్ వచ్చింది, పాఠాలన్నీ వచ్చాయి. ఆగ్నెస్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, స్తోత్రం సగంలో ఆపి, అతన్ని తిట్టి, చాయ్ తెప్పించింది.

ప్రేమ్‌రాజ్ మళ్లీ లినక్స్‌లోకి వెళ్లి ఆ మెనూ రాసి ఉన్న ఫైలు తెరిచాడు. "డాస్ అన్న పేరు తీసేస్త. ఏం రాయాల్నో చెప్పు."

ఆ తెరకు తెలుగక్షరాలు రావు. ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఆవిడ చెప్పినట్టు కొట్టాడు: ‘విండోస్ ఇదే, భయపడొద్దు.’ ఏమీ నొక్కకపోయినా అదే తెరుచుకునేలా ఇంకోచోట అంకె మార్చాడు. ఆగ్నెస్ చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండో వరుస కదా, ఒకటి కొడతవేంది?"

"సున్న కాడినుంచి లెక్కపెడ్తది అక్కా. లినక్స్ సున్న, నీది ఒకటి."

"సున్న వచ్చినోడు ఫస్టా?"

"ఔ. నీ తాన ఫెయిలైనోళ్లంత గీడ ఫస్టే."

ఉచిత సాఫ్ట్‌వేర్ మానవజాతికి విముక్తి అని ఆ రోజుల్లో సెమినార్లలో గట్టిగా చెప్పేవారు. కావచ్చు. ఆగ్నెస్‌కు దొరికిన విముక్తి ఆ మెనూలో ఒక వరుస పొడవు. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని పది సెకన్లు కూర్చుంది. విండోస్ దానంతటదే వచ్చింది.

బ్యాచి వచ్చేసరికి పాఠం తెరిచి ఉంది. ఒత్తు తప్పినవాళ్లను ఎప్పటిలాగే కసిరింది గాని, మొహంలో నవ్వు దాగక ఆ పూట ఎవరూ భయపడలేదు.